కట్టమంచివారి రాజనీతి పాఠము

రాజనీతి యనగనే అది పురుషులు అరుగులమీద గూర్చుండి వాదులాడుకొను విషయమనియు, వంటయింటికి దానితో బనిలేదనియు మనలో ననేకుల తలంపు. మన పూర్వగ్రంథములు ఈ తలంపును సమ్మతింపవు. భారతము సభాపర్వమున ధర్మరాజు జూదములో సర్వమును గోల్పోయి, తన్నుగూడ నోడి, పిమ్మట భార్యను పణముగా నొడ్డెను. అప్పుడు ద్రౌపది యడిగినదేమి? ముందుగా తన్నుతానోడినవానికి నన్నొడ్డుటకు అధికార మెక్కడిది అని. వికర్ణుడు దక్క తక్కిన కౌరవసోదరులుగాని, భీష్మద్రోణాదులగు పెద్దలుగాని ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పజాలకపోయిరి. ఈ యధికారము ఎవరిచ్చినది, దీనికి జవాబుదారు ఎవరు అని సభలో నడుగుటయే రాజనీతిశాస్త్రమునకు మొదటిపాఠము. ఆ పాఠమును మనము ఒక యిల్లాలి నోటనే వింటిమి.

ఆ పాఠమును తాను చదివి, ఇతరులచే చదివించి, తుదకు సభలో నిలిచి ఆ ప్రశ్నను తానే యడిగిన ఆచార్యుడొకరు మా చిత్తూరుసీమలో జన్మించిరి. వారే కట్టమంచి రామలింగారెడ్డిగారు. సి. ఆర్. రెడ్డిగారని లోకమున బ్రసిద్ధులు. సాహిత్యము చదివినవారు ఆయనను "కవిత్వతత్త్వ విచారము" వ్రాసిన విమర్శకులుగా నెఱుగుదురు. విశాఖపట్టణమువారు విశ్వవిద్యాలయమును నిలిపినవారుగా నెఱుగుదురు. ఆయన యౌవనమున జాలభాగము కళాశాలలో చరిత్రను, దానితోపాటు అర్థశాస్త్ర రాజ్యాంగ విషయములను బోధించుటలో గడచినదని యెఱిగినవారు కొలదిమంది. ఆ యాచార్యుని జీవితమును సోదరీమణులకు ఇంచుక వివరముగా విన్నవింపదలచితిమి.

కట్టమంచి చిత్తూరు నానుకొనియున్న గ్రామము. ఇప్పుడది నగరములోనే కలసిపోయినది. కట్టమంచి చెఱువు పేరెఱుగనివారు చిత్తూరులో నుండరు. 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన సుబ్రహ్మణ్యరెడ్డిగారికిని నారాయణమ్మగారికిని ఆయన కుమారుడుగా బుట్టిరి. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు. ఈ ప్రాంతము ఉత్తరార్కాడు జిల్లాలోనుండెను. 1911 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లా ఏర్పడినది. మేముండు తిరుపతి 2022లో వేఱొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఏ జిల్లాపేరు పెట్టినను ఈ సీమ స్వభావమొక్కటే. ఏడాది పొడుగున నిండుగ బాఱు పెద్దయేఱు లేదు. వాన కురిసి చెఱువు నిండవలయును. నిండిన చెఱువునకు కట్ట నిలువవలయును. ఈ రెండును జరిగిననే గాదెలో గింజ. చెఱువుకట్ట తెగుట యనిన నేమో ఇచ్చటి బిడ్డలకు వేఱుగా బోధింపనక్కఱలేదు.

అందువలననే కాబోలు, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న దినములలో, ఇరువదియేండ్లైనను నిండని వయస్సున, ఆయన వ్రాసిన మొదటి కావ్యమునకు చెఱువుకట్టయే వస్తువైనది. కళాశాలలోని తెలుగు సమాజమువారి పోటీకొఱకు వ్రాసి, 1900లో బ్రకటించిన ఆ కావ్యము పేరు "ముసలమ్మ మరణము". అనంతపురమునకు దాపుననున్న బుక్కరాయసముద్రపు చెఱువు కథ యది. బ్రౌనుదొర ప్రకటించిన అనంతపుర చరిత్రనుండి ఆయన దానిని గ్రహించిరి. పెనువాన కురిసి కట్ట తెగబోవుచుండగా, బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలియిచ్చిననే కట్ట నిలుచునని దైవవాక్కు వినబడును. ఆమె పేరున ముసలమ్మయే గాని వయస్సున పడుచు. ఇంటివారికి, బిడ్డకు చెప్పవలసినది చెప్పి, ఊరివారి నూరడించి, గండిలో దిగును. ఊరు బ్రతుకును. రాజులు, దేవతలు, అప్సరసలు నడయాడిన మన కావ్యములలో ఒక కాపుటిల్లాలు నాయిక యగుట ఆ కాలమున నూతనవిషయము. ఈ కథను పాఠకురాండ్రు మనస్సున నుంచుకొనవలయును. దీనితో మనకు తరువాత బనియున్నది.

ఆ పిమ్మట ఆయన ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు బోయి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్సు కళాశాలలో జేరి, చరిత్రలో మొదటితరగతిలో నుత్తీర్ణులైరి. అచ్చట చరిత్రపరీక్షలోనే రాజనీతిశాస్త్రముగూడ నొకభాగముగా నుండెను. గడచినకాలపు రాజకీయమే చరిత్ర యని తలంచిన సీలీ యను ఆచార్యుని సంప్రదాయమది. అనగా రాజుల పేర్లును యుద్ధముల తేదీలును వల్లించుట చాలదు. ఏ రాజ్యమున నధికార మెవరిచేత నుండెను, దాని నడ్డగించుటకు ప్రజలకేమి సాధనముండెను అని విచారింపవలయును.

కేంబ్రిడ్జిలో విద్యార్థుల వాదసభ యొకటి కలదు. దానిని యూనియను అందురు. అందొకరు తీర్మానమును ప్రతిపాదింతురు, మఱియొకరు ఖండింతురు. ఇరుపక్షములవారు వాదించినపిదప సభ్యులు ఓటువేయుదురు. ఓడినపక్షమువాడు గెలిచినవానితో గలసి భోజనమునకు బోవును. ఆ సభకు ఉపాధ్యక్షులుగా నెన్నుకొనబడిన మొదటి భారతీయులు రామలింగారెడ్డిగారే. పరదేశమున, పరభాషలో, పాలకజాతి బిడ్డలయెదుట నిలిచి వాదించి వారిచేతనే యెన్నుకొనబడుట సామాన్యవిషయము కాదు.

స్వదేశమునకు వచ్చినపిదప, అంతకుమున్ను అరవిందఘోషుగారు పనిచేసిన బరోడా కళాశాలలో ఆయన కొంతకాల ముపాధ్యాయులైరి. తరువాత మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులై, ప్రధానాచార్యులై, 1916లో మైసూరు విశ్వవిద్యాలయ మేర్పడినప్పుడు దానికై పాటుపడినవారిలో నొకరైరి. 1918 మొదలు 1921 వఱకు ఆ సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నుండిరి. పంచమబాలురకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెఱవవలసినదని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. తక్కినవారి పిల్లలను బడి మాన్పించెదమను బెదిరింపులకు లొంగిన యధికారి, తన తరగతిలో సమత్వమునుగూర్చి యెన్ని యుపన్యాసము లిచ్చినను ఫలమేమి? బోధించినదానిని అధికారమున నున్నప్పుడు ఆచరించి చూపుట ఆయన కార్యమున మొదటినుండియు గనబడుచున్నది.

ఆయన తెలుగును విడువలేదు. ధనము, కూలి, వ్యాపారము మొదలగువానిగూర్చి తెలుగున "అర్థశాస్త్రము" వ్రాసిరి. 1914లో "కవిత్వతత్త్వ విచారము" వెలువడెను. పింగళి సూరనగారి కావ్యములను అందు పరిశీలించి, పూర్వకవు లనునంతమాత్రమున మెచ్చుకొనవలసిన పనిలేదనియు, గుణము గుణమే, దోషము దోషమే యనియు నిర్భయముగా వ్రాసిరి. పండితులనేకులు కినిసిరి. ఇంటిలో పెద్దలయొద్ద ప్రబంధములు చదువుకొన్న మాబోటివారికి ఆ గ్రంథము మొదట కష్టముగనే యుండును. కాని చదివినకొలది, ప్రశ్నించుట యనగా నవమానించుట కాదని బోధపడును.

ఇక సభలోని కథ. 1919 నాటి చట్టమువలన మదరాసు రాష్ట్రమున ద్వంద్వప్రభుత్వ మేర్పడినది. విద్య, ఆరోగ్యము, స్థానికసంస్థలు మొదలగునవి మంత్రులకు నిచ్చి, పోలీసును, ఖజానాను గవర్నరు తన చేతిలోనే యుంచుకొనెను. పెట్టె కోడలికి, తాళపుచెవి అత్తకు అన్నట్లుండెను. జస్టిసుపక్షమువారు మంత్రిపదవులను స్వీకరించిరి. 1921 జూలై మొదలు ముఖ్యమంత్రిగా నుండినవారు పానగల్లురాజాగారు, అనగా పానుగంటి రామరాయణింగారు. ఆయన జన్మస్థలము మా శ్రీకాళహస్తియే. రామలింగారెడ్డిగారును మైసూరుకొలువు విడిచి ఆ పక్షముననే రాజకీయములలో బ్రవేశించిరి.

కొంతకాలమునకు అధికారమంతయు నొక్కరిచేత జేరుచున్నదనియు, పక్షములోనివారి మాటకు విలువ లేకున్నదనియు నసంతృప్తి కలిగెను. రెడ్డిగారు మఱికొందఱితో గలసి పక్షమునుండి వెలుపలికి వచ్చిరి. 1923 నవంబరు 27న ఆయన మంత్రివర్గముపై అవిశ్వాసతీర్మానమును బ్రతిపాదించిరి. మదరాసు శాసనసభలో అట్టి తీర్మానమది మొదటిది. ఒకరిది కాళహస్తి, ఒకరిది కట్టమంచి. నేడు బస్సులో కొన్నిగంటల దారి. ఆ యిద్దఱును మదరాసుసభలో నెదురెదురుగా నిలిచిరి. ఓట్లు లెక్కింపగా తీర్మానమునకు 44, వ్యతిరేకముగా 65 వచ్చెను. రెడ్డిగారోడిపోయిరి.

ఓడినదానికి ఫలమేమి యని యడుగవచ్చును. మంత్రులు సభయెదుట నిలిచి, తమ పనికి తాము లెక్కచెప్పవలసి వచ్చుటయే ఫలము. అంతవఱకు దొరతనమనగా పైనుండి ఆజ్ఞ వచ్చుట, క్రిందివారు తలవంచుట. తీర్మానము నెగ్గినను వీగినను, మాకు మీయందు నమ్మకము లేదు, కారణములివి, సమాధానము చెప్పుడు అని పాలకులతో ముఖాముఖి చెప్పుటకొక మార్గ మేర్పడినది. కత్తి యెత్తక, తిట్టక, లెక్కతో గుదిరిన ప్రశ్న యది.

ఇందులో మఱియొక విశేషము కలదు. పానగల్లురాజాగారి మంత్రివర్గము అధికారమున నుండగనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపింపబడెను. దానికి మొదటి ఉపాధ్యక్షులు, అనగా వైస్‌ఛాన్సలరు, ఆ మంత్రివర్గముపై తీర్మానము తెచ్చిన రామలింగారెడ్డిగారే! అభిప్రాయభేదము వేఱు, పగ వేఱు. ఉమ్మడికుటుంబములలో మెలగిన గృహిణులకు ఈ భేద మెంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు. ఒకమాట యెదురాడినంతనే పొయ్యి వేఱుపడు నిండ్లను మనము చూడలేదా?

పరిషత్తు మొదట బెజవాడలో నుండి, 1930లో వాల్తేరు చేరినది. జయపురాధీశులు విక్రమదేవవర్మగారి విరాళముతో శాస్త్రకళాశాల వృద్ధిపొందెను. కాని యా 1930వ సంవత్సరమే ఉప్పుసత్యాగ్రహపు సంవత్సరము. ప్రభుత్వము సత్యాగ్రహులను లాఠీలతో గొట్టించి, చెఱసాలలను నింపుచుండెను. ఈ దమననీతికి నిరసనగా రెడ్డిగారు తమ పదవికి రాజీనామా నిచ్చిరి. అప్పుడే కుదురుకొనుచున్న విద్యాలయమును, తాము నాటిన మొక్కను, విడిచి పోవుట సులభమని యెవ్వరు ననజాలరు. 1931లో ఆ పీఠము నలంకరించినవారు సర్వేపల్లి రాధాకృష్ణగారు. ఆయన యును ఈ ప్రాంతమువారే. తిరుత్తణిలో బుట్టి, బాల్యమున మా తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో జదివినవారు. 1936లో రామలింగారెడ్డిగారు మరల వచ్చి 1949 వఱకు ఆ పదవిలో నుండిరి. పిదప మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రోఛాన్సలరైరి. 1951 ఫిబ్రవరి 24న పరమపదించిరి. వివాహము చేసికొనలేదు. ఆయనకు సంసారమంతయు విద్యాలయమే.

ఆయనయందు దోషమెంచినవారును లేకపోలేదు. పక్షము మాఱెననిరి. దమననీతికి నిరసనగా పదవి విడిచినవారు 1942లో, అనగా "క్విట్ ఇండియా" ఉద్యమము సాగిన సంవత్సరముననే, ఆంగ్లప్రభుత్వమువారి "సర్" బిరుదమును స్వీకరించుట యెట్లని యడిగిరి. ఈ యడుగుట న్యాయమే. ఆయన పాఠము మనకు వంటబట్టినదైన ఆయననుగూడ మనము ప్రశ్నింపవలయును. పూర్వకవి యని సూరననే విడువనివారిని పూజ్యుడని మనము విడువరాదు. మాకు తోచిన దిది: పదవిని విడుచుట తెలిసినవారికే పదవిని గుఱించి మాటలాడుటకు అర్హత. ఆ యర్హతను ఆయన 1930లో సంపాదించిరి. తరువాతి బిరుదము దాని కాంతిని కొంత తగ్గించినను తుడిచివేయలేదు.

ఇప్పుడు ముసలమ్మ కథకు వత్తము. ఆ కావ్యమును చదివి కన్నీరు విడువని స్త్రీ యుండదు. కాని కన్నీరు తుడుచుకొన్నపిదప ఒక ప్రశ్న మిగులును. కట్ట యెందుకు తెగబోయినది? చెఱువు మరమ్మతునకు మన రాయలసీమలో పూర్వము దశబంధపు మాన్యము లుండెను. చెఱువు కట్టినవారికి, బాగుచేయువారికి కొంతభూమి యిచ్చి, దానిఫలముతో కట్టను కాపాడవలసినదని కట్టడి. వానకాలమునకు మున్నే పూడిక తీసి, తూము చూచి, కట్టకు మన్ను వేయవలసిన బాధ్యత ఊరిపెద్దలది. ఆ బాధ్యత మఱచినపుడు గండిపడును. గండిపడినపుడు దైవవాక్కు వినబడును. దైవము కోరునది కరణమును గాదు, రెడ్డిని గాదు, ఇంటికోడలిని! బసిరెడ్డి కోడలు మహాత్యాగిని. ఆమెకు నమస్కరింతము. అయినను, ఆ దినమున ఊరివారిలో నొకరైనను గ్రామచావడిలో నిలిచి, గడచిన యేడు కట్టకు మన్ను వేయింపవలసినవారెవరు అని యడిగియున్నచో ఆ పడుచుబిడ్డ తన పసివానితో నింటికి బోయియుండెడిది.

పందొమ్మిదేండ్ల కవి ముసలమ్మ త్యాగమును గానముచేసెను. నలువదిరెండేండ్ల యాచార్యుడు మంత్రివర్గమును జవాబు చెప్పుమని యడిగెను. మా కంటికి ఈ రెండిటి నడుమనున్న దూరమే రాజనీతిశాస్త్రము. అధికారమున నున్నవారు లెక్కచెప్పనిచోట దుర్బలులు ప్రాణములతో ఆ లెక్క తీర్చవలసి వచ్చును.

మనకిప్పుడు ఆ ప్రశ్న యడుగుట కధికారము లేదందుమా? 1921లోనే మదరాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నిచ్చుటకు సమ్మతించెను. ఆస్తి నియమము వలన నాడు ఓటువేయగలిగినవారు కొలదిమందియే. స్వతంత్రభారత రాజ్యాంగము ఆస్తితో బనిలేక వయస్సువచ్చిన స్త్రీలందఱికి ఓటు నిచ్చినది. 1992నాటి రాజ్యాంగసవరణవలన పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు వచ్చినవి. మన రాష్ట్రమున దానిని తరువాత సగముచేసిరి. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును వెలసినవి. రెడ్డిగారు సముద్రము దాటి నేర్చిన శాస్త్రమును మన బిడ్డలు ఇంటినుండి బస్సెక్కిపోయి నేర్చుకొనవచ్చును.

అయినను ఆ చదువునకు మన యిండ్లలో గౌరవము తక్కువ. మా వీథిలోని యొక పడుచు డిగ్రీలో రాజనీతిశాస్త్రము తీసికొనగా, వారి యింటి అవ్వ యిట్లనెను: "ఏం పాపా, ఆ సదువు సదివితే ఏమొస్తాది?" "సర్పంచి పనేందో తెలుస్తాది అవ్వా," అని పిల్ల చెప్పెను. అవ్వ నవ్వి, "అది తెలిసి ఏం జేస్తావు? మనూర్లో ఆయమ్మ సంతకం పెడతా ఉంది, మొగుడు సర్పంచిగిరీ చేస్తా ఉండాడు," అనెను. అవ్వ చదువుకొన్నది కాదు. కాని మన పంచాయతీల రోగమును ఒక్కమాటలో జెప్పినది. అధికార మొకరిపేర, అనుభవించుట మఱియొకరు; నాటి ద్వంద్వప్రభుత్వము నేడు మన యిండ్లలోనే వెలసినది! చట్టము కుర్చీని ఇయ్యగలదు. కుర్చీలో గూర్చుండి లెక్కలపుస్తకమును తెఱచి చూచు ధైర్యమును చదువే యియ్యవలయును.

కావున సోదరీమణులారా, కూతురు ఈ శాస్త్రము చదివెదనన్నచో వలదనకుడు. దానివలన ఉద్యోగము వచ్చునా రాదా యని మాత్రమే విచారింపకుడు. చదువనివారమును మనము చేయదగినపని యొకటి కలదు. ఏడాదికి కొన్నిమాఱులైనను గ్రామసభ జరుగవలెనని చట్టము. ఆ దినము తెలిసికొని పోవుడు. చెఱువునకు, కుళాయికి, బడికి ఎంత సొమ్ము వచ్చినది, ఎంత వ్యయమైనది, మిగిలిన దెచ్చట నున్నది అని అడుగుడు. గొంతు హెచ్చింపనక్కఱలేదు. పాలవాని లెక్క, చాకలిపద్దు తప్పకుండ చూచుకొను మనకు ఆ విద్య క్రొత్తది కాదు. వానకాలము రాకమున్నే అడుగుడు. కట్ట తెగినపిదప అడుగుటకు వ్యవధి యుండదు.